మిలిట్రీ తాత కాయితాల్లో మూడు పటాలాల పేర్లుంటే ఎట్లా చదవాలి

మా తాతను ఊళ్లో అందరూ మిలిట్రీ తాత అనేవాళ్లు. మునగాల పక్కన ఊరు మాది. ఆయన పోయాక సందుగ తెరిస్తే పైన ఒక ఉన్ని కోటు, దాని కింద కలరా గోళీల వాసనతో ఒక చిన్న పుస్తకం, రెండు పతకాలు, మడతల దగ్గర చిరిగిపోయిన ఒక మనియార్డరు రసీదు ఉన్నాయి. ఆ పుస్తకం డిశ్చార్జి బుక్కు. అందులో మూడు చోట్ల మూడు పేర్లున్నాయి, మూడూ వేరు వేరు పటాలాల్లా కనపడతాయి. దానికి మా ఇంట్లో ఒకటే కథ. తాత ఒక హవల్దారును చెంప మీద కొట్టాడు, అందుకని ఆ పటాలంలోంచి తీసి ఇంకోదాంట్లో పడేశారు, అక్కడా ఊరుకోలేదు కాబట్టి మూడోదాంట్లోకి పంపారు. పెండ్లిళ్లలో, దినాల్లో ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఆ కథలో ఎంత నిజముందో తేల్చుకోవడానికి నాకు రెండేండ్లు పట్టింది. పని అంత కష్టమని కాదు, నేను తలకిందులుగా మొదలుపెట్టాను. పటాలం పేరు పట్టుకుని వెతుక్కుంటూ పోయాను. పట్టుకోవాల్సింది తేదీని. యుద్ధం నడుస్తున్నప్పుడు ఒక సిపాయి ఒక పటాలంలోంచి ఇంకోదాంట్లోకి పోయాడంటే చాలాసార్లు ఆయన ఏదో చేసినందుకు కాదు, ఆ నెలలో సైన్యానికి ఎక్కడో మనుషులు తక్కువపడ్డారు. ఏ నెలలో ఎక్కడ తక్కువపడ్డారో తెలిసిందంటే ఎందుకు మారాడన్నది సగం తెలిసినట్టే. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి పుస్తకమో, పతకమో, ఫొటో వెనక రాసిన నంబరో ఉంటే ఈ కింద చెప్పినట్టు చేసి చూడండి.

ముందు కాయితాన్ని బతికించండి

నేను చేసిన మొదటి తప్పు లామినేషన్. ఆ పుస్తకంలో ఊడిపోయిన ఒక కాయితాన్ని తీసుకుపోయి పట్నంలో ఒక జిరాక్స్ షాపులో ఇచ్చాను, వేడి తగలగానే ఊదారంగు స్టాంపు సిరా పరుచుకుపోయి అందులో ఉన్న ఊరి పేరు మాయమైంది. ఇప్పటికీ అది చదవలేను. కాబట్టి లామినేషన్ వద్దు, టేపు అసలే వద్దు. పొద్దున పూట కిటికీ దగ్గర పెట్టి, ఫ్లాష్ లేకుండా, ప్రతి పేజీకీ రెండు వైపులా ఫొటో తీయండి, ఖాళీ పేజీ అనిపించినా తీయండి. కొట్టేసిన ఎర్ర సిరా గీత కింద ఏముందో ఫొటోను పెద్దది చేస్తేనే కనపడుతుంది.

పతకాలుంటే చింతపండు పెట్టి తోమకండి. మా మేనత్త ఒక దసరాకి ఇత్తడి చెంబులతో పాటు వాటిని కూడా తళతళలాడించింది. మొదటి ప్రపంచయుద్ధం పతకాలకు అంచు మీద, అంటే రూపాయి బిళ్లకు గాట్లుండే చోట, సన్నటి అక్షరాల్లో నంబరు, హోదా, పేరు, పటాలం కొట్టి ఉంటాయి, నక్షత్రం ఆకారంలో ఉన్నవాటికైతే వెనక వైపు. రెండో యుద్ధంలో భారత సైనికులకిచ్చినవాటిలో చాలావాటికి కూడా ఉంటాయి. తోమితే ముందుగా అరిగేది అవే. ఇంకో మాట, పతకం మీద ఉన్నది ఒక్క పటాలం పేరే, ఆయన పనిచేసిన పటాలాలన్నీ కావు. పతకం మీద ఒకటి, పుస్తకంలో ఇంకోటి ఉన్నంత మాత్రాన పతకం వేరేవాళ్లది అని తేల్చేయకండి.

తర్వాత ఒక నోట్‌బుక్కు తీసి అయిదు గళ్లు గీయండి: తేదీ, పటాలం, నంబరు, హోదా, ఊరు. కాయితాల్లో ఎక్కడ ఏ తేదీ కనపడినా అందులో ఎక్కించండి, టీకా వేసిన తేదీ, లీవు మీద పోయిన తేదీ కూడా. మనియార్డరు రసీదు మీద పోస్టాఫీసు ముద్ర కూడా పనికొస్తుంది. నంబరు గడి ముఖ్యం ఎందుకంటే అప్పట్లో నంబరు పటాలంది, మనిషిది కాదు. పటాలం మారితే చాలాసార్లు నంబరు కూడా మారేది. నంబరు అదే ఉండి పేరు మారిందంటే అసలు బదిలీయే కాకపోవచ్చు.

మారింది మనిషా, పేరా

మన వైపు అందరూ పడే గుంట ఇదే. హైదరాబాద్ అన్న మాట కనపడగానే నిజాం సైన్యం అనుకుంటాం. హైదరాబాద్ పేరుతో రెండు వేరు వేరు సైన్యాలుండేవి.

ఒకటి హైదరాబాద్ కాంటింజెంట్. ఖర్చు నిజాంది, పెత్తనం ఇంగ్లీషు అధికారులది. 1903లో అప్పటి సైన్యాధిపతి కిచెనర్ మొత్తం భారత సైన్యానికి కొత్త వరస నంబర్లు వేసినప్పుడు దాని కాల్బలానికి 94 నుంచి 99 దాకా వచ్చాయి. 94, 95 రస్సెల్స్ ఇన్‌ఫాంట్రీ, 96 బేరార్ ఇన్‌ఫాంట్రీ, ఆ తర్వాత మిగతావి. 1922లో వాటిని ఒక గొడుగు కిందికి తెచ్చి 19వ హైదరాబాద్ రెజిమెంట్ అన్నారు (రెజిమెంట్ అంటే కొన్ని బెటాలియన్ల కుటుంబం). 1945లో దాని పేరు కుమావ్ రెజిమెంట్ అయింది, ఎందుకంటే అప్పటికి అందులో మన దక్కనీవాళ్ల కంటే కుమావ్ కొండలవాళ్లు, జాట్‌లు, అహీర్లు ఎక్కువ. కాబట్టి ఒకాయన కాయితంలో 1918లో 94 రస్సెల్స్, 1923లో 19వ హైదరాబాద్ అని ఉంటే ఆయన ఎక్కడికీ పోలేదు. కూర్చున్న చోటే కూర్చున్నాడు, బోర్డు మార్చారు. గుర్రపు దళాల్లో కూడా అంతే, 20వ డెక్కన్ హార్స్, 29వ లాన్సర్స్ రెండూ 1921 తర్వాత ఒకటైపోయి 9వ రాయల్ డెక్కన్ హార్స్ అయ్యాయి.

రెండోది నిజాం సొంత ఫౌజు. మొదటి యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా వైపు పోయిన హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్ దీంట్లోవాళ్లే. ఢిల్లీలో తీన్‌మూర్తి అనే మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌ది, మిగతా రెండు మైసూరు, జోధ్‌పూర్‌లవి. 1948 సెప్టెంబరు తర్వాత ఈ ఫౌజు రద్దయింది.

చిక్కెక్కడంటే, 1941లో ఈ రెండు సైన్యాలకూ చెందిన పటాలాలు ఒకేసారి మలయాలో, అంటే ఇప్పటి మలేసియా వైపు, ఉన్నాయి. 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ ఒకటి, నిజాం ఫౌజుకు చెందిన ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ ఇంకోటి. జపాన్‌వాళ్లు ఆ డిసెంబరులో కోట భారులో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది ఈ రెండోది. మీ కాయితంలో "హైదరాబాద్, మలయా" అని మాత్రమే ఉంటే తొందరపడకుండా ఇన్‌ఫాంట్రీ అన్నారా, రెజిమెంట్ అన్నారా చూడండి. ఆ ఒక్క మాట మీద మీరు వెతకాల్సిన ఆఫీసే మారిపోతుంది.

మా మునగాలది ఇంకో తిరకాసు. చుట్టూ నిజాం ఇలాకా, మధ్యలో మునగాల పరగణా మాత్రం కృష్ణా జిల్లా, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ. పొలం గట్టు దాటితే ఇంకో సర్కారు. మా తాత బెజవాడ పోయి చేరింది అందుకే. పక్క ఊరాయన సికింద్రాబాద్ పోయి ఉండొచ్చు. ఇప్పుడు రెండూ సూర్యాపేట జిల్లాయే అని, అప్పుడు కూడా ఒకటే అనుకోకండి.

హోదా గడి కూడా ఒకసారి చూడండి. సవార్, దఫాదార్, రిసాల్దార్ అని ఉంటే గుర్రపు దళం. సిపాయి, హవల్దార్, సుబేదార్ అని ఉంటే కాల్బలం. సాపర్ అంటే ఇంజినీర్లు, వంతెనలు కట్టేవాళ్లు. జమాదార్ అని ఉంటే ఊడ్చే ఉద్యోగం అనుకుని సిగ్గుపడ్డవాళ్లను చూశాను. అది సుబేదార్ కింది హోదా, 1965 నుంచి నాయబ్ సుబేదార్ అంటున్నారు. సవార్ కాస్తా మధ్యలో సిపాయి అయ్యాడంటే అది మాత్రం నిజమైన బదిలీ.

ఎస్.ఓ.ఎస్. చూసి భయపడకండి

నేను భయపడ్డాను. ఏదో ఆపదలో చిక్కుకున్నాడనుకున్నాను. సైన్యం గుమాస్తా భాషలో ఎస్.ఓ.ఎస్. అంటే ఈ పటాలం లెక్కలోంచి తీసేశాం అని, టి.ఓ.ఎస్. అంటే మా లెక్కలో చేర్చుకున్నాం అని. ఒకచోట తీసేసిన తేదీకీ ఇంకోచోట చేర్చుకున్న తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కవేయండి. నాలుగు రోజులైతే రైల్లో ఉన్నాడు. నాలుగు నెలలైతే ఆస్పత్రి కావొచ్చు, ఓడ కావొచ్చు, ఖైదు కావొచ్చు, దాని సంగతి చూడాల్సిందే.

అటాచ్డ్ అని ఉంటే బదిలీ కాదు. అన్నం ఒక ఇంట్లో, పేరు ఇంకో ఇంట్లో అన్నట్టు, పని అక్కడ చేస్తాడు, మనిషి పాత పటాలం మనిషే. పోస్టెడ్ అంటే అదే రెజిమెంటులో ఒక బెటాలియన్ నుంచి ఇంకోదానికి. ట్రాన్స్‌ఫర్డ్ అని ఉంటేనే వేరే రెజిమెంటో, వేరే శాఖో. గుమాస్తాలు వీటిని కలిపి రాసేసిన చోట్లు కూడా ఉంటాయి, అక్కడ నంబరు మారిందా లేదా అన్నదే మీకు దిక్కు.

ఇక ఎందుకు మార్చేవాళ్లు

పత్తిచేనులో మొలక రాని చోట పోగుంటలు పెడతాం కదా, మొదటి కారణం అదే. యుద్ధంలో ఒక పటాలం సగం పోయిందంటే ఆ ఖాళీలు నింపాలి. 1914లో ఫ్రాన్సు పోయిన భారత పటాలాలకు వెనక రిజర్వు మనుషులు చాలినంత లేరు, ఉన్నవాళ్లలో చాలామంది వయసు మళ్లినవాళ్లు. దాంతో ఇండియాలో ఖాళీగా ఉన్న పటాలాల్లోంచి యాభై మందిని ఒకచోటికి, వందమందిని ఇంకోచోటికి తీసి పంపారు. 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ పోరులో గఢ్వాల్ రైఫిల్స్ రెండు బెటాలియన్లు ఎంత దెబ్బతిన్నాయంటే మిగిలినవాళ్లను కలిపి ఒకటిగా నడిపారు. (గఢ్వాల్ అంటే మన గద్వాల కాదు, హిమాలయాల దగ్గరిది. గద్వాల సంస్థానం పటాలం ఫ్రాన్సు పోయిందని నాతో గట్టిగా వాదించిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు.)

పోగుంట పెట్టాలన్నా ఆ విత్తనమే కావాలి. భారత సైన్యంలో కంపెనీలు కులం, మతం, ప్రాంతం లెక్కన ఉండేవి. జాట్ కంపెనీలో ఖాళీకి జాట్‌నే తేవాలి, దక్కనీ ముస్లిం కంపెనీలో ఖాళీకి దక్కనీ ముస్లింనే తేవాలి. అందుకని మన జిల్లాల ముస్లిం కుటుంబాల్లో ఒకాయన ఒక రెజిమెంటులోంచి, దాంతో ఏ సంబంధమూ లేనట్టు కనపడే ఇంకో రెజిమెంటులోకి పోతే, ఆ రెండింటిలోనూ దక్కనీ ముస్లిం కంపెనీ ఉందా అని చూడండి. ఉంటే ముడి విడిపోయినట్టే. మనిషి పటాలం దాటాడు గానీ కంపెనీ జాతి దాటలేదు. ఇది నాకు ఒక పట్టాన ఎక్కలేదు, ఎక్కాక మిగతావన్నీ తేలికయ్యాయి. అధికారులకు ఈ లెక్క లేదు. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు 2020లో గల్వాన్‌లో అమరుడైనప్పుడు, తెలుగాయన బిహార్ రెజిమెంటులో ఎట్లా ఉన్నాడని మా ఊళ్లో చాలామంది అడిగారు. ఆయన బదిలీ మీద పోలేదు, 2004లో కమిషన్ అయిందే 16 బిహార్‌లో. ఆఫీసరును ఎక్కడైనా వేస్తారు, జవాన్ల సంగతి వేరు.

పటాలం మొత్తం పోతే ఏమవుతుంది? మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, కూత్ దగ్గర ఒక సైన్యం నెలల తరబడి ముట్టడిలో చిక్కుకుని, 1916 ఏప్రిల్ 29న మొత్తం తుర్కులకు లొంగిపోయింది. ముట్టడి నడుస్తుండగానే ఆ పటాలాల కోసం ఇంటి నుంచి బయలుదేరిన మనుషులు వచ్చి దిగారు. చేరాల్సిన పటాలం దాకా పోయే దారి వాళ్లకు లేదు. ఇంగ్లీషు పటాలాలైన నార్‌ఫోక్, డార్సెట్‌ల కోసం వచ్చినవాళ్లను కలిపి ఒక అతుకుల బొంత తయారుచేసి నార్సెట్స్ అన్నారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు మళ్లీ అదే కథ, 19వ హైదరాబాద్ నాలుగో బెటాలియన్ బందీ అయింది. ఆ రోజున లీవులోనో ఆస్పత్రిలోనో ఇండియాలో ఉండిపోయిన సిపాయికి తిరిగిపోవడానికి పటాలం లేదు, ట్రైనింగ్ సెంటర్‌కు పోవాలి, అక్కడి నుంచి ఎక్కడ వేస్తే అక్కడికి. తిమ్మయ్య, తర్వాత సైన్యాధిపతి అయినాయన, ఆ నాలుగో బెటాలియన్ ఆఫీసరే. సింగపూర్ పడకముందే బదిలీ మీద ఇండియా వచ్చేశాడు, 1944లో అదే రెజిమెంటు ఎనిమిదో బెటాలియన్‌ను బర్మా పోరులో నడిపాడు. మీ కాయితంలో తేదీ 1942 ఫిబ్రవరికి అటో ఇటో ఉంటే ఈ సంగతి తప్పకుండా గుర్తుపెట్టుకోండి. బందీ అయినవాళ్లలో ఆజాద్ హింద్ ఫౌజులోకి పోయినవాళ్లున్నారు, వాళ్ల కాయితాల్లో అక్కడి నుంచి 1945 దాకా ఖాళీ ఉంటుంది, ఆ తర్వాత విచారణ, డిశ్చార్జి.

రెండో కారణానికి పెరుగు ఉదాహరణ చెప్తాను. 1939లో భారత సైన్యం రెండు లక్షల చిల్లర, 1945కు పాతిక లక్షలు. అంతమంది పల్లెటూరి పిల్లలకు తుపాకీ పట్టడం ఎవరు నేర్పాలి? పాత పటాలంలోంచి ఒక సుబేదారును, నలుగురు హవల్దార్లను, ఇరవైమంది గట్టి సిపాయిలను తీసి కొత్త పటాలంలో వేసేవాళ్లు, పాత పెరుగులోంచి చెంచాడు తీసి కొత్త పాలల్లో తోడేసినట్టు. ఇంగ్లీషు ఆఫీసర్లు దీన్ని పాలు పిండటం అనేవాళ్లు, వాళ్ల బాధ వాళ్లది, మళ్లీ మళ్లీ పిండితే పాత పటాలం వట్టిపోయేది. 1940, 41, 42లో హోదా పెరుగుతూ పటాలం మారిందంటే, అంటే నాయక్ కాస్తా కొత్త బెటాలియన్‌లో హవల్దార్ అయ్యాడంటే, అది శిక్ష కాదు, పనిమంతుడని పంపారు. 1962 తర్వాత సైన్యాన్ని పెంచినప్పుడు కూడా ఇట్లాగే తోడు వేశారు.

1918లో దీని అన్నలాంటిది ఒకటి జరిగింది. జర్మన్లు ఫ్రాన్సులో విరుచుకుపడేసరికి పాలస్తీనాలో ఉన్న ఇంగ్లీషు పటాలాలను అటు తరలించి, వాటి జాగాలో భారత పటాలాలను నింపారు. చాలినన్ని లేక మెసపొటేమియాలో ఉన్న పాత పటాలాల నుంచి ఒక్కో కంపెనీ చొప్పున ఊడబెరికి 150, 151, 152 అంటూ కొత్త నంబర్ల పటాలాలు కట్టారు. కంపెనీకి కంపెనీయే మారింది. మన పాలమూరు గుంపు మేస్త్రీలు ఒక సైటులోంచి పదిమందిని లేపి ఇంకో సైటులో దించుతారు చూడండి, ఎవరినీ అడిగేది లేదు, పొద్దున లారీ వస్తుంది ఎక్కాలి. అదే ఏడాది మొదట్లో ఫ్రాన్సులో ఇంగ్లీషువాళ్ల బ్రిగేడుల్లో కూడా నాలుగు బెటాలియన్లున్నవాటిని మూడుకు దించి, రద్దయిన వాటి మనుషులను మిగతావాటిలో సర్దారు. మనుషులు చాలక చేసిన పనే అది కూడా.

కొత్త పనులు పుట్టడం మూడోది. 1915 అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు మెషిన్‌గన్లకు వేరే కోర్ పెట్టి, అన్ని పటాలాల గన్నర్లను అందులోకి లాక్కున్నారు. 1941 అక్టోబరులో మనవాళ్లలో 50వ పారాచూట్ బ్రిగేడు మొదలైంది, అందులోకి ఇష్టమున్నవాళ్లే పోవాలి. గుర్రాలు పోయి ట్యాంకులు, లారీలు వచ్చేసరికి సవార్లు డ్రైవర్లయ్యారు. నాలుగు ముక్కలు చదువొచ్చినవాడు సిగ్నల్స్‌కు, స్టీరింగు పట్టొచ్చినవాడు సర్వీస్ కోర్‌కు. దీని మీద ఎక్కువ చెప్పేదేమీ లేదు, పుస్తకంలో ట్రేడు అన్న చోట ఏముందో చూస్తే తెలిసిపోతుంది.

సొంతంగా అడిగి మారినవాళ్లు లేకపోలేదు. ఇంగ్లీషు సైన్యంలో అన్న తన తమ్ముణ్ని తన పటాలంలోకి ఇమ్మని అడగొచ్చని రూలే ఉండేది. శిక్ష మీద మార్చినవాళ్లు కూడా ఉండే ఉంటారు గానీ, శిక్షయితే హోదా కింద పడుతుంది, క్యారెక్టర్ అన్న చోట మంచి మాట ఉండదు. ఆ రెండూ లేకుండా శిక్ష అని రాసుకోకండి.

1947 తేదీలున్నవాళ్లకు మాత్రం వేరే లెక్క. సైన్యాన్ని రెండు దేశాలకు పంచినప్పుడు పటాలాల్లోంచి కంపెనీలు, స్క్వాడ్రన్లు అటూ ఇటూ మారాయి. భారత్‌లో ఇల్లున్న ముస్లిం సైనికుడికి ఏ దేశం సైన్యం కావాలో ఎంచుకునే వీలిచ్చారు, ఇక్కడి హిందువుకు పాకిస్తాన్ ఎంచుకునే వీలు లేదు. ఆ ఏడాది ఆఖర్లో ఒక ముస్లిం తాత పటాలం మారి ఇండియాలోనే ఉన్నాడంటే అది ఆయన నోటితో చెప్పి, కాయితం మీద పెట్టిన నిర్ణయం.

ఉత్తరం ఎక్కడికి రాయాలి

నేను మొదటి పటాలం రికార్డు ఆఫీసుకు రాశాను, ఎనిమిది నెలలు పోయాయి. తప్పు నాదే. సిపాయి ఎక్కడికి పోతే ఆయన కాయితాలు కూడా వెంట పోతాయి, కాబట్టి చివరి పటాలం ఏదో దాని రికార్డు ఆఫీసుకు ముందు రాయాలి. మద్రాసు రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాసు సాపర్స్‌దీ పయనీర్ కోర్‌దీ బెంగళూరు, కుమావ్‌ది రాణీఖేత్, ఫిరంగి దళానిది నాసిక్ రోడ్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈ.ఎం.ఈ.ది మన సికింద్రాబాదే. పది రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ కింద కూడా అడగొచ్చు, కాకపోతే మీరు ఆయనకు ఏమవుతారో చూపించే ఫ్యామిలీ సర్టిఫికెట్ జత చేయండి, లేకుంటే వేరేవాళ్ల సొంత వివరాలు ఇవ్వం అంటారు. మొదటి అడుగు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వేసినా మంచిదే, ఉత్తరం ఎట్లా రాయాలో అక్కడివాళ్లకు తెలుసు.

ఉత్తరంలో రెండు నంబర్లుంటే రెండూ రాయండి. పేరు మీరు పిలిచే పేరు కాదు, అప్పటి గుమాస్తా రాసుకున్న పేరు. మన రాములు రామ్‌లూ అయి ఉంటాడు, ఇంటిపేరు పూర్తిగా మాయమై ఉంటుంది. ఊరికి ఇప్పటి మండలం కాదు, అప్పటి తాలూకా, జిల్లా రాయండి. పింఛను రాని సిపాయిల పాత కాయితాలు దొరకలేదన్న జవాబుకు కూడా సిద్ధంగా ఉండండి, నాకు వచ్చింది అదే.

యుద్ధంలో చనిపోయినవాళ్లయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడండి, డబ్బులేం అడగరు, ఏ పటాలంలో ఉండగా పోయాడో, పేరు ఏ స్మారకం మీద ఉందో చూపిస్తుంది. నిజాం ఫౌజువాళ్లయితే తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి. అక్కడి పాత కాయితాలు ఎక్కువగా ఉర్దూ, ఫార్సీ, కాబట్టి చదవగలిగిన పెద్దాయనను ఒకరిని బతిమాలి వెంట తీసుకుపోండి, మధ్యాహ్నం భోజనం మీదే.

మా తాత సంగతి

ఆఫీసు నుంచి ఏమీ దొరకలేదని జవాబు వచ్చాక, ఏమీ తోచక నోట్‌బుక్కులో అయిదు గళ్లు మళ్లీ మొదటినుంచి నింపాను. మొదటి పేరు మద్రాసు రెజిమెంటు, 1942, చేరింది బెజవాడలో. రెజిమెంటును మొదటి యుద్ధం తర్వాత కొన్నేండ్లకు రద్దుచేసి, రెండో యుద్ధంలో మళ్లీ నిలబెడుతున్న రోజులవి, మనుషులు కావాలి, తీసుకున్నారు. రెండో పేరు 1943 సెప్టెంబరు. దాన్ని ఇన్నేండ్లు పటాలం అనుకున్నాం. ఫొటో పెద్దది చేసి చూస్తే రీఇన్‌ఫోర్స్‌మెంట్ క్యాంప్. అది పటాలమే కాదు, ఆస్పత్రుల నుంచి బయటపడ్డవాళ్లను ఉంచి, ఎవరికి మనుషులు తక్కువైతే వాళ్లకు పంచే జాగా. మూడోది పయనీర్ కోర్, 1943 నవంబరు, అప్పుడే నంబరు మారింది.

క్యాంపుకు ముందు మూడు నెలలు ఖాళీ. వెనక పేజీల్లో మెడికల్ కేటగిరీ అన్న చోట ఏ అని ఉన్నది ఎర్ర సిరాతో కొట్టేసి సి అని రాశారు, పక్కన తేదీ ఆగస్టు, పక్కన ఒకే ఒక మాట, మలేరియా. ఆ ఏడాది బర్మా సరిహద్దులో గాయపడి వెనక్కి పంపిన ఒక్కొక్కడికీ జబ్బుచేసి పంపినవాళ్లు 120 మంది అని అక్కడి సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ లెక్క. తాత ఆ 120 మందిలో ఒకడు. తుపాకీతో కొండలెక్కడానికి పనికిరాడు, రోడ్డు వేయడానికి పనికొస్తాడు అని పయనీర్లలో వేశారు. మాత్రలు మింగి మింగి ఒళ్లు పసుపు పచ్చగా అయ్యేదని ఆయన చెప్తుంటే చిన్నప్పుడు మేం నవ్వేవాళ్లం, మెపాక్రిన్ మాత్రలు నిజంగానే అట్లా చేస్తాయి. రెండు పతకాల్లో ఒకటి బర్మా స్టార్, అది బర్మాలో గానీ, అస్సాం, బెంగాల్ వైపు యుద్ధరంగంలో గానీ ఉన్నవాళ్లకే ఇస్తారు, కాబట్టి ఎక్కడ పడ్డాడో కూడా కలిసింది. చివరి పేజీలో 1946, సేవలు ఇక అవసరం లేదు, క్యారెక్టర్ వెరీ గుడ్.

ఆ పేజీ పట్టుకుని మేనత్త దగ్గరికి పోయాను. అత్తా, తాత ఎవర్నీ కొట్టలేదు, జ్వరమొస్తే మార్చారు, చూడు వెరీ గుడ్ అని రాశారు అన్నాను. ఆమె కండ్లద్దాలు పెట్టుకుని ఎర్ర సిరాను చాలాసేపు చూసింది. పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, "కొట్టే ఉంటాడు రా, రాసుకోలేదంతే" అంది.